కండ కరగనీయకుడు, కాలేయమును కాపాడుకొనుడు

మనుష్యుడు దేనిని కొలుచుచుండునో దానినే కాపాడుకొనుచుండును. కొలతకు అందని సంపద కన్నుల యెదుటనే తరిగిపోవుచున్నను ఆ తరుగుదల వానికి తెలియదు. మధుమేహము గలవారి విషయమున ఈ సత్యము మిక్కిలి స్పష్టముగా గోచరించును. ఆసుపత్రికి పోయినపుడు వారు అడుగునవి రెండే: షుగరు ఎంత యున్నది, బరువు ఎంత యున్నది. ఆ రెండంకెలును తగ్గినచో ఇల్లంతయు సంతోషించును. కాని తగ్గిన బరువులో కొవ్వెంత, కండ యెంత అని ప్రశ్నించువారు అరుదు. తొడలు సన్నగిల్లి, భుజములు వాలి, పీటమీదినుండి లేచుటకు చేతి ఊత కావలసివచ్చినను ‘వయసు మీదపడినది’ అని సమాధానపడుదుము. అదే కాలమున పొట్ట మాత్రము తగ్గక ముందుకు వచ్చుచు, లోపల కాలేయమున కొవ్వు పేరుకొనుచుండును.

ఈ రెండును ఒకదానితో నొకటి పొత్తులేని వేర్వేరు బాధలని తలచుట పొరపాటు. కండ కరగుట వలన కాలేయమున కొవ్వు పెరుగును. కొవ్వెక్కిన కాలేయము వలన కండ మఱింత క్షీణించును. ఈ రెంటికిని మధుమేహము ఆధారభూతమై నిలిచి, తానును వాటివలన బలపడుచుండును. ఈ విషవలయమును ఛేదించుటకు మనచేతికి అన్నిటికంటె సులభముగా అందు స్థానము కండయే. కాలేయమును మనము చేతితో తాకలేము, ఆజ్ఞాపింపలేము. కండకు మాత్రము నేడే, ఈ క్షణముననే, పని చెప్పగలము. ఈ అధ్యాయమున అభ్యసింపవలసిన విద్య యిదియే.

మన్యమున మారిన జీవనము

ఈ విషవలయము మన్యమను కొండప్రాంతమున సైతము ఎట్లు ప్రవేశించినదో చూతము. సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన అరకులోయను, దాని చుట్టును గల అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు ప్రాంతములను ఎఱిగినవారికి, అచ్చటి భగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, గదబ, కోందు జాతులవారి పూర్వజీవనము శరీరశ్రమతో ఎంతగా పెనవేసుకొని యుండెనో వేరుగా చెప్పనక్కఱలేదు. ఏటవాలు కొండచరియను నఱికి పోడు వేయుట, సామలు, చోళ్లు, కందులు, వలిసెలు విత్తి కాపుగాయుట, ఊటనుండి నీరు మోయుట, అడవినుండి కట్టెలమోపు తెచ్చుట, పండిన దానిని కావడి కట్టి మైళ్లకొలది నడచి సంతకు చేర్చుట, ఇవి యన్నియు దినచర్యలోని భాగములే గాని వ్యాయామమను పేర వేరుగా ఎవరును చేసినవి కావు. కొండ యెక్కునపుడు తొడలును, దిగునపుడు మోకాళ్లచుట్టునుగల కండరములును, బరువు మోయునపుడు వీపును భుజములును బలపడుచుండెను.

ఆ కాలమంతయు సుఖమయమని చెప్పుట నా యభిమతము గాదు. ఆకలి, మలేరియా, ప్రసవవేళ డోలీపై మోసికొని పోవుచుండగా మార్గమధ్యమున అస్తమించిన తల్లులు, ఈ దుఃఖముల నన్నిటిని మఱచి గతమును కీర్తించుట అన్యాయము. 1960వ దశకమున కొత్తవలస-కిరండోల్ రైలుమార్గము కొండలను తొలిచికొని వచ్చుటయు, అటుపిమ్మట రోడ్లు పడుటయు, 2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడుటయు ఈ ప్రజలకు మేలు చేసినవే. రోడ్డులేని గూడెములకు నేటికిని రోడ్డు కావలసియే యున్నది. అయినను, మేలు వచ్చిన త్రోవనే ఒక కీడును ప్రవేశించినది. నడకకు మారుగా జీపును మోటారుసైకిలును వచ్చినవి. సామ అన్నమునకు, చోడి అంబలికి మారుగా మెఱుగుపట్టిన బియ్యపు అన్నము మూడుపూటల కంచమున చేరినది. సంతలో కూల్‌డ్రింకు సీసాలును చిరుతిండి పొట్లములును వ్రేలాడుచున్నవి. అన్నము పెరిగినంతగా పప్పుగాని గ్రుడ్డుగాని పెరుగలేదు.

భారత వైద్య పరిశోధనా మండలి జరిపించి 2023లో ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలనమున పెద్దవారిలో 11.4 శాతమునకు మధుమేహమును, 15.3 శాతమునకు దాని పూర్వావస్థయు నున్నవని తేలినది. గ్రామములలో సైతము మధుమేహము 8.9 శాతమునకు చేరినది. మధుమేహము గలవారిలో సగమునకు మించినవారి కాలేయమున కొవ్వు కనబడుచున్నదని లోకమంతటి వైద్యులును అంగీకరించుచున్నారు. కొండగాలియు ఊటనీరును మాత్రమే ఈ వ్యాధిని అడ్డగించునని నమ్మియుండుటకు ఇక అవకాశము లేదు.

కండ చేయు పని

భోజనానంతరము రక్తమున చేరిన గ్లూకోజును స్వీకరించి దాచియుంచు ప్రధానస్థానము కండరసమూహమే. ఇన్సులిన్ ప్రేరణచే దేహము గ్రహించు గ్లూకోజులో ఇంచుమించు 70 నుండి 80 శాతము కండలోనికే పోవునని శాస్త్రజ్ఞులు కొలిచి నిరూపించిరి. అచ్చట అది గ్లైకోజెన్ అను రూపమున నిలువయుండి, నడచునపుడును మోయునపుడును ఖర్చగుచుండును. గృహస్థునకు గాదె యెట్టిదో దేహమునకు కండ యట్టిది. పంట యెంత వచ్చినను గాదె విశాలముగా నున్నచో చిక్కులేదు. గాదె కుంచించుకొనిపోయినచో అదే పంట నట్టింట గుట్టలుపడి, ఇల్లు నివాసయోగ్యము గాకుండ చేయును. మన దేహమున ఆ నట్టిల్లు కాలేయము.

కండకు మఱియొక విశేషగుణము కలదు. అది పనిచేయుచున్నపుడు గ్లూకోజును లోనికి రానిచ్చు ద్వారములు ఇన్సులిన్ సాయము లేకయే తెఱచుకొనును. పని ముగిసిన తరువాత కూడ ఒకటి రెండు దినములవఱకు ఇన్సులిన్ మాటను అది చక్కగా వినుచుండును. వ్యాయామము లేక వరుసగా రెండు దినములకు మించి గడపరాదని మధుమేహ వైద్యులు చెప్పుటకు ఇదియే హేతువు. అంతియేగాక, పనిచేయు కండ కొన్ని సందేశవాహకములగు పదార్థములను రక్తములోనికి విడచుననియు, అవి కాలేయము మీదను కొవ్వుకణముల మీదను ప్రభావము చూపుననియు తెలియవచ్చినది.

ముప్పది యేండ్లు దాటినది మొదలు, శ్రమలేని దేహమున ప్రతి పదేండ్లకును కండ కొంతకొంత తరుగుచుండును. అరువది దాటిన పిమ్మట ఆ తరుగుదల వేగవంతమగును. మధుమేహము దానికి తోడైనచో వేగము ఇనుమడించును. ఏలయనగా, ఇన్సులిన్ షుగరును అదుపుచేయుటయే గాక కండలోని మాంసకృత్తులు కరగిపోకుండ కాపాడు కార్యమును కూడ నిర్వహించుచున్నది.

కాలేయము కొవ్వెక్కు విధము

ఇప్పుడు కాలేయమువైపు దృష్టి మరల్చుదము. 2007లో యేల్ విశ్వవిద్యాలయమున జెరాల్డ్ షుల్మన్, కిట్ పీటర్సన్ మొదలగువారు సన్నని దేహము గల ఆరోగ్యవంతులైన యువకులను రెండు వర్గములుగా ఏర్పరచి, పిండిపదార్థము మెండుగాగల భోజనమిచ్చి పరిశీలించిరి. ఒక వర్గము వారి కండ ఇన్సులిన్ మాట వినునది. రెండవ వర్గము వారి కండ విననిది. తిన్నది ఒక్కటే యైనను, రెండవ వర్గమువారి కండలో గ్లైకోజెన్ తక్కువగా నిలిచినది. వారి కాలేయము క్రొత్తగా కొవ్వును తయారుచేయు వేగము రెండింతలకు మించినది. రక్తమున ట్రైగ్లిజరైడ్లు 60 శాతము హెచ్చినవి. వారి పొట్టలోని కొవ్వు మాత్రము మొదటి వర్గము వారికంటె అధికముగా లేదు. కాలేయమునకు ఏ లోపమును లేకుండగనే, కండలో మొదలైన లోపము కాలేయమునకు భారమై పరిణమించినదని దీనివలన స్పష్టమగుచున్నది.

కొవ్వు చేరు మార్గము ఇదియొక్కటే గాదు. ఇన్సులిన్ అదుపు తప్పినపుడు చర్మము క్రిందను పొట్టలోను నిలువయున్న కొవ్వు కరగి రక్తమున ప్రవహించి కాలేయమును చేరును. కాలేయమున కొవ్వు గలవారిపై జరిపి 2005లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, అచ్చటి కొవ్వులో ఇంచుమించు 59 శాతము ఇట్లు నిలువలనుండి వచ్చినది, 26 శాతము కాలేయమే స్వయముగా చేసికొన్నది, తిన్న కొవ్వునుండి నేరుగా వచ్చినది 15 శాతము మాత్రమే. నూనె తగ్గించితిని గదా, నాకు ఫ్యాటీ లివర్, అనగా కొవ్వెక్కిన కాలేయము, ఏల వచ్చెనని వాపోవువారు ఈ లెక్కను శ్రద్ధగా గమనింపవలయును. గంపెడన్నమును, తీయని టీలును తగ్గింపక నూనెచుక్క నొక్కదానినే నిందించుటవలన ఫలము స్వల్పము.

కొవ్వెక్కిన కాలేయము ఇన్సులిన్ ఆజ్ఞను లక్ష్యపెట్టక రాత్రియంతయు గ్లూకోజును తయారుచేసి రక్తములోనికి విడుచుచుండును. ‘రాత్రి ఏడుగంటలకే తిని పండుకొంటిని, తెల్లవారునప్పటికి షుగరు 160 ఎట్లు వచ్చినది?’ అని అడుగువారికి సమాధానము పెక్కుసార్లు ఇచ్చటనే దొరకును. ఆ గ్లూకోజు తయారీకి వలయు ముడిసరకులో కొంతభాగము కరగిపోవు కండనుండియే సరఫరా యగును. అనగా, దేహము తన కండను తానే కరగించి, తనకు అక్కఱలేని షుగరుగా మార్చుకొనుచున్నది. కాలక్రమమున కొవ్వు గల కాలేయములలో కొన్ని వాపునకు లోనై, మచ్చలుపడి, గట్టిపడి, సిర్రోసిస్ అను దశకు చేరును. అట్టి దశలో కాలేయము శుద్ధిచేయలేని అమోనియాను కొంతవఱకు కండయే భరించి నిర్వీర్యము చేయును. కండ లేనివాడు ఆ చివరి ఆలంబనమును సైతము కోలుపోవును.

సన్నని దేహమున దాగిన కొవ్వు

ఫ్యాటీ లివర్ లావుపాటివారి వ్యాధి యను భ్రమ మన్యమున బలముగా నున్నది, ఏలయన అచ్చట లావుపాటివారు తక్కువ. ఈ భ్రమను పోగొట్టుటకు 2004లో లాన్సెట్ పత్రికయందు ప్రకటితమైన ఒక ఛాయాచిత్రము చాలును. పుణె నగరపు వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ ప్రక్కప్రక్కన నిలిచి తీయించుకొన్న ఆ చిత్రమున ఇరువురును సన్ననివారే, ఎత్తునుబట్టి బరువును లెక్కించు బి.ఎం.ఐ. ఇరువురికిని 22.3. కాని కొలిచిచూడగా యుడ్కిన్ దేహమున కొవ్వు 9.1 శాతము, యాజ్ఞిక్ దేహమున 21.2 శాతము. బి.ఎం.ఐ.లో సమానులైన ఆ ఇరువురిలో ఒకరికి కండయు ఒకరికి కొవ్వును అధికము. తల్లి గర్భమున నున్నపుడే పోషణలోపము కలిగినచో కండ తక్కువగాను కొవ్వు ఎక్కువగాను గల శిశువు జన్మించునని యాజ్ఞిక్ తన జీవితకాలపు పరిశోధనచే చూపెను. తరతరముల ఆకలిని చవిచూచిన కొండప్రజలకు ఈ మాట మిక్కిలి సన్నిహితమైనది.

ఇచ్చట ఒక హెచ్చరికయు అవసరము. మధుమేహముతో చిక్కిపోయిన ప్రతివానికిని కాలేయమున కొవ్వుండునని నిశ్చయింపరాదు. పోషణలోపము వలన ఇన్సులిన్ ఉత్పత్తియే తగ్గిన మధుమేహ మొకటి కలదు. 1955లో జమైకాలో వర్ణింపబడి, కొంతకాలము మఱుగునపడి, వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు పాల్గొన్న పరిశోధనలవలన మరల వెలుగులోనికి వచ్చిన దానిని, 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఐదవరకముగా గుర్తించినది. అట్టివారి కాలేయమున కొవ్వు తక్కువ; వారికి కావలసినది బరువు తగ్గుట గాదు, పోషణయు కండయు పెంచుకొనుట. కనుక సన్నని రోగికి ‘తక్కువ తినుము’ అని గ్రుడ్డిగా ఉపదేశించుట అపాయకరము. తన మధుమేహము ఏ రకమో వైద్యునివలన తెలిసికొనుట ప్రథమకర్తవ్యము.

ఆత్మపరీక్ష

కండబలమును కొలుచుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. గట్టి కుర్చీలో కూర్చుండి, చేతులు రొమ్ముపై కట్టుకొని, ఊత లేకుండ ఐదుమారులు లేచి కూర్చుండుడు. 12 సెకనులు గాని అంతకుమించి గాని పట్టినచో తొడల బలము తగ్గినదని గ్రహింపవలయును. సమతలమున 6 మీటర్లు గుర్తుపెట్టి సహజమైన నడకతో నడువుడు. 6 సెకనులకు మించినచో అదియు బలహీనతకు సూచనయే. పిక్క మిక్కిలి లావుగానున్నచోట టేపుతో కొలువుడు. పురుషునకు 34, స్త్రీకి 33 సెంటీమీటర్లకు తక్కువైనచో జాగ్రత్తపడవలయును. ఆసియా దేశముల నిపుణులు 2019లో నిర్ణయించిన కొలతలివి. ఆశా కార్యకర్తయో, పాఠశాల ఉపాధ్యాయుడో గూడెమున పెద్దలను కూర్చుండబెట్టి పది నిమిషములలో ఈ పరీక్షలు చేయింపవచ్చును. నడుము చుట్టుకొలత పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటినదేమో అదే సమయమున చూడవలయును. పిక్క సన్నగిల్లి నడుము పెరిగినవాడు, వాని తూకము ఏమైనను, వెంటనే కాలేయపరీక్షకు పోదగినవాడు.

కాలేయపు రక్తపరీక్షలోని ఎస్.జి.పి.టి. సరిగానే యున్నదని నిశ్చింతగా నుండరాదు. కాలేయమున కొవ్వు గలవారిలో అనేకులకు ఆ అంకె మామూలుగనే యుండును. సాధారణ స్కాను సైతము కొవ్వు తక్కువగా నున్నపుడు దానిని పట్టుకొనలేదు. కాలేయము మచ్చలుపడుచున్నదో లేదో అంచనావేయుటకు ఫిబ్-4 అను సులభగణితము కలదు. వయస్సును, అదే రక్తపరీక్షలోని మఱియొక అంకెయగు ఎస్.జి.ఓ.టి. చే హెచ్చించి, ఆ లబ్ధమును, ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్.జి.పి.టి. యొక్క వర్గమూలముచే హెచ్చింపగా వచ్చు ఫలముచే భాగింపవలయును. 50 ఏండ్లవానికి ఎస్.జి.ఓ.టి. 40, ఎస్.జి.పి.టి. 36, ప్లేట్‌లెట్లు 2 లక్షలు, అనగా లెక్కకు 200 వేలు, ఉన్నవనుకొందము. 50ని 40చే హెచ్చింపగా 2000. 36 వర్గమూలము 6, దానిని 200చే హెచ్చింపగా 1200. భాగింపగా ఇంచుమించు 1.67. ఫలము 1.3కు లోపలనున్నచో అపాయము తక్కువ, 2.67 దాటినచో అధికము. నడుమ నున్నచో, కాలేయపు గట్టిదనమును కొలుచు ఫైబ్రోస్కాన్ వంటి తరువాతి పరీక్ష కావలయును. అరువదియైదేండ్లు దాటినవారికి క్రింది హద్దు 2.0. విడివిడిగా చూచినపుడు మామూలుగా కనబడిన అంకెలే కలిపి చూచినపుడు ఎట్లు హెచ్చరించుచున్నవో గమనింపుడు. 2021లోనే కేంద్రప్రభుత్వము ఫ్యాటీ లివర్‌ను జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమమున చేర్చినది గనుక, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున దీనినిగూర్చి అడుగుటకు సంకోచింపనక్కఱలేదు.

మన్యవాసులు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన మఱియొక విషయము కలదు. ఈ కొండజాతులలో సికిల్‌సెల్ లక్షణము గలవారు కలరు, రక్తహీనత సర్వసాధారణము. ఇట్టివారిలో మూడునెలల షుగరు సరాసరిని తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్ష తప్పుదారి పట్టింపవచ్చును. అందుచే పరగడుపున, భోజనానంతరమున చేయు రక్తపరీక్షలను కూడ చేయించుకొని, తమకు సికిల్‌సెల్ ఉన్నదో లేదో వైద్యునితో ముందుగనే చెప్పవలయును.

ఆహారనియమము

కండకు ముడిసరకు మాంసకృత్తులు. మధుమేహము గల పెద్దవారు, మూత్రపిండములు ఆరోగ్యముగా నున్నచో, తమ తూకమున ప్రతి కిలోకును దినమునకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు తినుట మేలు. 60 కిలోల మనిషికి అది 60 నుండి 72 గ్రాములు. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని యడుగక పెంచరాదు.

ఈ పరిమాణమునకై పట్టణపు డబ్బాల పొడులు కొననక్కఱలేదు. అరకు, చింతపల్లి కొండలు రాజ్‌మాకు ప్రసిద్ధికెక్కినవి. నూరుగ్రాముల ఎండు రాజ్‌మాలో ఇంచుమించు 20 గ్రాముల మాంసకృత్తులు కలవు. పండించినవారే దాని నంతటిని సంతలో అమ్మి, ఆ డబ్బుతో బిస్కెట్లు కొనుక్కొని పోవుట చూచినపుడు మనసు కలుక్కుమనును. అమ్మదగినది అమ్ముడు, కాని ఇంటి కుండకు వలయునది ముందు తీసి పక్కన పెట్టుడు. కందిపప్పు, ఉలవలు, బొబ్బర్లు, ఒక్కొక్కటి 6 గ్రాముల మాంసకృత్తులనిచ్చు కోడిగ్రుడ్లు, నాటుకోడి, వాగుచేపలు, ఇవి యన్నియు అందుబాటులో నున్నవే. వీటిని ఒకేపూట కుమ్మరింపక మూడుపూటలకు పంచుకొనవలయును.

చోళ్లు, సామలు మరల కంచమున చేరుట శ్రేయస్కరము. పీచును, చోళ్లలో మెండైన కాల్షియమును దేహమునకు లభించును. కాని అవియు పిండిపదార్థములే యని మఱవరాదు. చోడి అంబలి గ్లాసుల కొలది త్రాగినచో షుగరు పెరుగకమానదు. కంచమున సగము కూర, ఆకుకూర. పావు పప్పు, గ్రుడ్డు లేక మాంసము. మిగిలిన పావు సామ అన్నమో చోడిముద్దయో యుండునట్లు వడ్డించుకొనుడు.

గృహములందు ఒక అలవాటు మారవలయును. అందఱును తినిన పిమ్మట తల్లియు, ముదుసలి అత్తయు మిగిలిన అన్నమును పలుచని చారుతో తిని లేచుచున్నారు. పప్పు అడుగంటియుండును, గ్రుడ్డు మగవానికిని పిల్లవానికిని పోయియుండును. కండ తొందరగా కరగునది వారికే. వారి వంతు పప్పును ముందుగనే వేరుగా తీసి యుంచుట ఆ ఇంటివారందఱి ధర్మము.

లావుపాటివారు బరువు తగ్గవలసినదే; తూకమున 3 నుండి 5 శాతము తగ్గినను కాలేయమున కొవ్వు తగ్గును, 7 నుండి 10 శాతము తగ్గినచో వాపును శాంతించును. ఆ తగ్గుట వారమునకు అరకిలో చొప్పున, బలవర్ధక వ్యాయామముతో కూడి జరుగవలయును. కేవలము పస్తులుండి తగ్గినను, ఇప్పుడు వచ్చుచున్న క్రొత్త సూదిమందులతో తగ్గినను, కొవ్వుతోపాటు కండయు కొంత పోవును.

వ్యాయామము

ఫ్యాటీ లివర్ గలవారు క్రమముగా వ్యాయామము చేసినచో బరువు తగ్గకపోయినను కాలేయమున కొవ్వు తగ్గునని పరిశోధనలు తెలుపుచున్నవి. ఈ ఒక్కమాట నిరుత్సాహపడిన రోగికి గొప్ప ధైర్యము. వారమునకు 150 నిమిషములు చెమటపట్టు నడకయు, రెండు మూడు దినములు బలము పెంచు పనులును చేయవలయును. నడక యొక్కటియే చాలదు. కండ పెరుగుటకు దానిపై బరువు పడవలయును.

ఆరంభము మిక్కిలి స్వల్పముగా నుండనిండు. మొదటివారమున కుర్చీనుండి పదిమారులు లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి పదిమారులు నెట్టుట, మడమలెత్తి పదిమారులు నిలుచుట, ఇవి రెండు విడతలుగా చేసిన చాలును. సులువుగా తోచినపుడు కుర్చీకి మారుగా ఎత్తు తక్కువైన పీటను, వట్టిచేతులకు మారుగా నీటిబిందెను గ్రహింపుడు. నవంబరు మొదలు జనవరి వఱకు సాగు కాఫీపండ్ల కోతలో సిల్వర్‌ఓక్ నీడన చరియ వెంబడి ఎక్కుచు దిగుచు, నిండిన బుట్టను మోయునట్టి రైతుకూలీకి ఆ నెలలలో వేరే వ్యాయామ మక్కఱలేదు. కోత ముగిసిన పిమ్మట మిగిలిన తొమ్మిదినెలలే వానికి పరీక్ష. స్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవేసి అడుగుమీద అడుగు వేయుచు గంటలకొలది ఆడు థింసా సైతము కాళ్లకును హృదయమునకును గొప్ప సాధన. దానిని పర్యాటకుల కొఱకు మాత్రమే మిగుల్చక, సాయంకాలమున తమ ఆరోగ్యము కొఱకును ఆడుకొనవలయును.

జ్వరముతో మంచమెక్కినపుడు కండ దినదినమునకు కరగును. మలేరియా, టైఫాయిడు తగ్గి లేచినవారు ‘నీరసము’ అని నెలలతరబడి కూర్చుండిపోక, వైద్యుడు అనుమతించిన దినముననే పప్పును గ్రుడ్డును పెంచి, మెల్లగా లేచి కూర్చుండు అభ్యాసమును ఆరంభింపవలయును.

జాగ్రత్తలు కొన్ని కలవు. ఇన్సులిన్ సూదిగాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలుగాని వాడువారు వ్యాయామవేళ షుగరు పడిపోవచ్చును గనుక దగ్గర బెల్లపుముక్క యుంచుకొనవలయును. కంటి రెటీనా దెబ్బతిన్నవారు ఊపిరి బిగబట్టి పెనుబరువు లెత్తరాదు. పాదములు తిమ్మిరెక్కినవారు కొండబాటల వట్టికాళ్లతో నడవరాదు. ముల్లు గుచ్చుకొన్నను తెలియని పాదము మిక్కిలి అపాయకరము.

వర్జనీయములు

జీలుగుకల్లు, ఇప్పసారా మన్యపు పండుగలతోను సంప్రదాయముతోను కలసియున్నవని ఎఱుగుదును. అయినను, కొవ్వెక్కిన కాలేయమునకు మద్యము రెండవ దెబ్బ. కండ పెరుగుటకును అది ఆటంకము. కాలేయవ్యాధి యున్నదని తేలినవాడు పూర్తిగా మానుటయే క్షేమము. వైద్యుడు అడిగినపుడు త్రాగుడును దాచకుండ చెప్పుడు. దానినిబట్టియే చికిత్స మారును.

కాలేయము శుద్ధియగునని పసరులు త్రాగుటయందును జాగరూకత వలయును. తిప్పతీగ వాడినవారిలో కాలేయము దెబ్బతిన్న ఉదంతములను 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. కొండమూలికలయందలి గౌరవమునకు ఇది భంగము గాదు; ఏది వాడుచున్నను ఆ సంగతి వైద్యునికి తెలుపవలయునని మాత్రమే నా మనవి. అరకు కాఫీని పాలుపంచదారలు లేకుండ దినమునకు రెండు మూడు కప్పులు త్రాగుటలో తప్పులేదు. కాఫీ త్రాగువారిలో కాలేయము గట్టిపడుట తక్కువగా నున్నదని అనేక పరిశీలనలలో తేలినది. పంచదార కలిపిన క్షణముననే ఆ మేలు సన్నగిల్లును.

శ్రమయందలి గౌరవము

చదువుకొన్న కొండయువకుడు కావడి మోయుటను చిన్నతనముగా తలంచుచున్నాడు. తండ్రి పొలమునుండి బుట్ట నెత్తుకొని వచ్చుచుండగా ఎదురుపోయి అందుకొనుటకు సిగ్గుపడి, వీధిమలుపుకు సైతము మోటారుసైకిలు తీయుచున్నాడు. తరతరములుగా శ్రమను దోచుకొన్నవారిని ద్వేషించుట న్యాయమే. శ్రమను ద్వేషించుట మాత్రము తన దేహమునకు తానే చేసికొను ద్రోహము. వ్యక్తిత్వము అనునది సభలలో మాటాడు చాతుర్యమున మాత్రమే లేదు. ఎవరును చూడని వేకువన, ఎవరును మెచ్చుకొననపుడు, పీటమీదినుండి పదిమారులు లేచి కూర్చుండు ఆ చిన్న నియమమును ఏడాదిపొడుగున తప్పక నిలుపుకొనుటయందే అది రూపొందును.

కావున చదువరులారా, రేపు ఉదయమున కుర్చీనుండి ఐదుమారులు లేచి కూర్చుండుటను గడియారము పెట్టి కొలిచి, పిక్కను నడుమును టేపుతో చూచి, ఆ మూడంకెలను షుగరు పుస్తకమున మొదటిపుటలో వ్రాసికొనుడు. మూడునెలలకొకసారి మరల కొలిచి ప్రక్కన వ్రాయుడు. వైద్యునియొద్దకు పోయినపుడు షుగరుతోపాటు కండను గూర్చియు కాలేయమును గూర్చియు అడుగుడు. ఇంటిలోని వృద్ధురాలి కంచమున పప్పు పడినదో లేదో నేటి రాత్రియే చూడుడు. మధుమేహము గలవానికి కండ అలంకారము గాదు, ఔషధము. మాత్రను మఱవనట్లే దానిని గూడ మఱవకుడు.